మంజీర: ఒక్క నది, మూడు పద్దులు

ఒక ప్రాంతపు చరిత్రను వ్రాయబూనినవాడు మొదట రాజులను వెదకును, శాసనములను వెదకును, కోటగోడలను కొలుచును. ఆ ప్రాంతమున అన్నము పుట్టించినది ఏది యని అడిగినచో చరిత్ర వేరొక మార్గమున నడచును. నిజామాబాదు, బోధను సీమలకు అన్నము పెట్టినది మంజీర. మన చెరకు తీపియు, మన వరికంకి బరువును ఆ నది యిచ్చినవే. మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున రజతోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయుమని కార్యవర్గమువారు కోరగా, ఆ నది చరిత్రను వ్రాయుటయే ఉచితమని తోచినది. గ్రామ లెక్కలు వ్రాయుట వృత్తిగాను, పురాణ కావ్యములు చదువుకొనుట అభిరుచిగాను గల నావంటివానికి నదిలో రెండును కనబడును. దాని కథ పురాణమువలె సాగును. దాని నీరు జమాఖర్చువలె లెక్కకు వచ్చును.

చదువరులు మొదటనే గమనింపదగిన విషయ మొకటి కలదు. మంజీర ఒకప్పుడు పుట్టినది మొదలు సంగమము వరకు ఇంచుమించుగా ఒకే ప్రభుత్వపు నది. నేడది మూడు రాష్ట్రముల నది. నది మారలేదు. దాని లెక్క వ్రాయు పుస్తకములు మారినవి. ఒక పద్దు మూడు పద్దులైనప్పుడు పొలమునకు ఏమి జరుగునో తెలుపుటయే ఈ వ్యాసోద్దేశము.

నది పేరు

సంస్కృతమున మంజీరమనగా కాలి అందె. రాళ్లపై గలగలలాడుచు పోవు ఏటికి ఆ పేరు తగియే యున్నది. అయితే పండితులు ఇంతకంటె పాత పేరొకటి చెప్పుదురు. పురాణములలో సహ్యాద్రిని పుట్టిన నదులను చెప్పుచోట గోదావరి, భీమరథి, కృష్ణవేణులతో పాటు వంజుల యను నది కనబడును. ఆ వంజులయే మంజీర యని వారు గుర్తించిరి. వంజులమనగా నీటి యొడ్డున పెరుగు ప్రబ్బ. మహారాష్ట్రులు నేడు మాంజరా యనియు, బీదరు కన్నడిగులు మాంజ్రా యనియు, మనము మంజీర యనియు పిలుచుచున్నాము. మూడు భాషలవారు మూడు విధముల పలికినను ముగ్గురి నోటను మిగిలినది ఒకే పేరు.

ఈ నది చేరువ నున్న బోధను సామాన్యమైన ఊరు కాదు. బౌద్ధ గ్రంథములు చెప్పు పదునారు మహాజనపదములలో దక్షిణాపథమునకు చెందినది అస్సక మొక్కటియే. దానినే సంస్కృతమున అశ్మక మందురు. దాని రాజధానియైన పోతన లేక పోదన నేటి బోధనే యని చరిత్రకారులలో పలువురి యభిప్రాయము. సుత్తనిపాతమున బావరి యను బ్రాహ్మణుడు అస్సక దేశమున గోదావరీ తీరమందు నివసించి, బుద్ధుని మాట వినివచ్చుటకై తన శిష్యులను ఉత్తరాపథమునకు పంపిన వృత్తాంతము కలదు. జైనులు తమ బాహుబలి రాజధానిని పోదనపురమని చెప్పుకొందురు. ఇన్ని మతముల పూర్వికులు ఇచ్చట నిలిచిరనగా, ఇచ్చట నీరును నేలయు నిలువదగినవై యుండెనని తెలియుచున్నది.

నది నడక

మహారాష్ట్రమందలి బీడు జిల్లాలో పాటోదా తాలూకాయందు బాలాఘాటు కొండల వరుస కలదు. అచ్చట సముద్రమట్టమునకు 823 మీటర్ల ఎత్తున మంజీర పుట్టుచున్నది. అచ్చటినుండి ఆగ్నేయముగా పారుచు ధారాశివ, లాతూరు జిల్లాల నీటిని గ్రహించును. తేర్ణా మొదలగు ఉపనదులు మార్గమున కలియును. పిమ్మట కర్ణాటకమందలి బీదరు జిల్లాలో ప్రవేశించి కారంజా నదిని కలుపుకొని, సంగారెడ్డి జిల్లాలో తెలంగాణమున అడుగిడును.

ఇంతవరకు నడచిన తీరు చూచినవాడు ఈ నది ఇట్లే ఆగ్నేయముగా పోవుననుకొనును. మెతుకు సీమలో మంజీర తన దారిని మార్చుకొన్నది. మొగము త్రిప్పి ఉత్తరమునకు మరలినది. దక్కను నదులలో ఇట్టి మలుపు అరుదు. ఏడుపాయలకడ ఏడు చీలికలై పారి, వనదుర్గా దేవళము ముందుగా మరల ఏకమగును. ఆ పాయలకు సప్తర్షుల పేర్లు పెట్టి, జనమేజయుని సర్పయాగము అచ్చటనే జరిగెనని స్థలపురాణము చెప్పుదురు. పురాణమును నమ్మువారు నమ్ముదురు. నీటిని నమ్మినవారు అచ్చటనే 1905లో ఘనపురము ఆనకట్ట కట్టి రెండు కాలువలు త్రవ్విరి.

అచ్చటినుండి నిజాంసాగరమునకు వచ్చి, దానిని దాటి, బీర్కూరు, కోటగిరి ప్రాంతముల ప్రక్కగా, ఒక గట్టున తెలంగాణమును మరియొక గట్టున మహారాష్ట్రమును ఉంచుకొని, సాలూర మీదుగా రెంజల్ మండలమందలి కందకుర్తి చేరును. కందకుర్తి త్రివేణీ సంగమము. పడమటినుండి గోదావరి, దక్షిణమునుండి మంజీర, వీనితో హరిద్ర యను చిన్న యేరు అచ్చట కలియును. త్ర్యంబకమున పుట్టిన గోదావరి తెలంగాణములో అడుగుపెట్టు తావును అదియే. పుట్టుక నుండి సంగమము వరకు మంజీర నడచిన దూరము 724 కిలోమీటర్లు. దాని పరీవాహక ప్రదేశము 30,844 చదరపు కిలోమీటర్లు. అందు సగమునకు అటునిటుగా మహారాష్ట్రమున కలదు. మూడవవంతు తెలంగాణమున కలదు. తక్కినది కర్ణాటకమున కలదు.

ఈ అంకెలను చదువరులు మనస్సున నుంచుకొనవలెను. వాన పడు నేలలో సగము మన చేతిలో లేదు. మన కాలువ నిండుటకు బాలాఘాటు కొండలమీద మేఘము కురియవలెను. కురిసిన నీరు దారిలో నిలువక మన వద్దకు రావలెను.

ఒకే పద్దు నాటి సంగతి

నిజాం ప్రభుత్వమున బీడు, ఉస్మానాబాదు, నాందేడు, బీదరు, మెదకు, నిజామాబాదు జిల్లాలన్నియు హైదరాబాదు సంస్థానములోనివే. మంజీర పుట్టిన కొండయు, కలిసిన సంగమమును ఒకే దివాణము క్రింద నుండెను. 1923లో ఆ నదిపై అచ్చంపేట, బంజేపల్లి గ్రామముల చెంత నిజాంసాగరము నిర్మాణము మొదలై 1931లో ముగిసెను. ఆ నిర్మాణమునకు మూలపురుషుడు చీఫ్ ఇంజినీరు నవాబు అలీ నవాజ్ జంగ్ బహదూరు. ఆయన 1877 జూలై 11న జన్మించెను. ఆ దినమును తెలంగాణ రాష్ట్రము ఇంజనీర్ల దినముగా పాటించుచున్నది.

నిజాంసాగరము కట్టిననాడు అందులో పట్టు నీరు 29.7 టి.ఎం.సి. ఒక టి.ఎం.సి. యనగా నూరు కోట్ల ఘనపుటడుగులు. సామాన్య భాషలో చెప్పవలెనన్న, దాదాపు ఇరువదిమూడు వేల ఎకరములపై అడుగు లోతున నిలుచు నీరు. ఆ జలాశయము క్రింద 2 లక్షల 75 వేల ఎకరములు సాగు చేయవలెనని సంకల్పించిరి. నిజామాబాదు, బోధను మార్గమున నున్న అలీసాగరము ఆ కాలువల నీటిని మధ్యదారిలో నిలుపుటకై కట్టబడినది.

కాలువ వచ్చిన పిమ్మట ఈ సీమ రూపము మారినది. ఖుష్కి భూములు తరి భూములైనవి. జొన్న పండిన చోట వరి పండినది. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలనుండి తడి సేద్యము తెలిసిన రైతులు వచ్చి భూములు కొని, కాలువల వెంబడి క్రొత్త పల్లెలు కట్టుకొనిరి. ఆ పల్లెలకు నేటికిని క్యాంపులని పేరు. తాత్కాలికమని వేసిన గుడారము తరములు నిలిచిన గ్రామమైనను పేరు మాత్రము క్యాంపుగానే నిలిచినది.

కాలువ వెంట చెరకు వచ్చినది. వరి నాలుగైదు మాసముల పంట. చెరకు పది పండ్రెండు మాసముల పంట. ఏడాది పొడవునను నీరు దొరకునన్న నమ్మకము లేనిచోట రైతు చెరకు నాటడు. ఆ నమ్మకమును నిజాంసాగరము కలిగించెను. కావుననే 1930ల చివర బోధనులో నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. దాని చుట్టు శక్కర్‌నగర్ ఏర్పడెను. జానకంపేట నుండి బోధనుకు రైలు దారి పడెను. ఒకప్పుడు ఆసియాఖండమందలి మిక్కిలి పెద్ద చక్కెర కర్మాగారములలో దీనిని లెక్కించెడివారు. కర్మాగారపు పొగగొట్టము దూరమునుండి కనబడునప్పుడు బోధను వచ్చినదని బాటసారులు చెప్పుకొనిరి. ఆ పొగకు మూలము నిప్పు కాదు, మంజీర నీరని చెప్పినను తప్పులేదు.

మూడు పద్దులైన నాడు

1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్వ్యవస్థ జరిగినది. భాషననుసరించి రాష్ట్రములుండవలెనని దేశము కోరినది. ఆ కోరిక న్యాయమైనదే. తెలుగువారు తెలుగున, మహారాష్ట్రులు మరాఠీలో, కన్నడిగులు కన్నడమున దరఖాస్తు వ్రాసికొను భాగ్యము కలిగినది. హైదరాబాదు రాష్ట్రము మూడు ముక్కలైనది. మరాఠ్వాడా జిల్లాలు బొంబాయి రాష్ట్రమునకు, బీదరు, గుల్బర్గా, రాయచూరు మైసూరు రాష్ట్రమునకు, తెలంగాణము ఆంధ్రప్రదేశమునకు చెందినవి.

విభజన జిల్లాలతో ఆగలేదు, తాలూకాలవరకు దిగినది. బీదరు జిల్లానుండి జహీరాబాదు, నారాయణఖేడు మెదకు జిల్లాకు వచ్చినవి. ఉద్గీరు, అహమదుపురము, నిలంగా మరాఠీ వైపునకు పోయినవి. నాందేడు జిల్లాలోని దెగ్లూరు తాలూకానుండి బిచ్కుంద, జుక్కలు మన నిజామాబాదు జిల్లాలో చేరినవి. జుక్కలు సీమలో నేటికిని తెలుగు, మరాఠీ, కన్నడము మూడును వినబడుటకు కారణము పొలిమేరలో నుండుటయే.

భాషలు పంచుకొన్నారు, భూములు పంచుకొన్నారు. నీటిని ఎట్లు పంచుకొనవలెనో ఆనాడు తేలలేదు. నిజాంసాగరమునకు ఎగువన దేవనూరు వద్ద మంజీరపై మరియొక పెద్ద జలాశయము కట్టవలెనని హైదరాబాదు రాష్ట్ర కాలముననే సంకల్పముండెను. రాష్ట్రము చీలిన పిమ్మట మునుగు భూములు పరరాష్ట్రమునకు చేరినవి. ఒకే దివాణములో నున్నప్పుడు పరిహారముతో తీరు విషయము, ఇరురాష్ట్రముల వివాదమైనది. దేవనూరు సంకల్పము కాగితముమీదనే నిలిచినది.

తుదకు 1969లో కేంద్ర ప్రభుత్వము న్యాయమూర్తి బచావత్ అధ్యక్షతన గోదావరి జలవివాద న్యాయస్థానము నేర్పరచినది. 1975 అక్టోబరు 6న మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వములు ఒక యొడంబడికకు వచ్చినవి. 1980లో వెలువడిన తుది తీర్పున అది చేరినది. నిజాంసాగరమునకు ఎగువన మంజీర నీటిలో మహారాష్ట్రము క్రొత్త నిర్మాణములకై 22 టి.ఎం.సి.ల వరకు వాడుకొనవచ్చును. కర్ణాటకమునకు దాని వాటా దానికి కలదు. ఆంధ్రప్రదేశము సింగూరువద్ద 30 టి.ఎం.సి.ల జలాశయము కట్టుకొని, దానినుండి హైదరాబాదు నగరమునకు త్రాగునీటికై 4 టి.ఎం.సి.లు తీసికొనవచ్చును, నిజాంసాగరము క్రింద 58 టి.ఎం.సి.లు వాడుకొనవచ్చును. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రమేర్పడిన పిమ్మట మంజీరపై ఆంధ్రప్రదేశమున కున్న ఆ హక్కు తెలంగాణమునకు వచ్చినది.

లెక్కలు వ్రాయువానికి ఇచ్చట ఒక సందేహము కలుగక మానదు. పద్దులో మనకు వ్రాసిన జమ 58. జలాశయమున పట్టున దెంత? కట్టిననాటి 29.7 టి.ఎం.సి.లలో సగమునకు పైగా 1970ల నాటికే పూడికచే తరిగినది. పిమ్మట నీటిమట్టమును పెంచగా ఇప్పుడు 1405 అడుగుల మట్టమున 17.8 టి.ఎం.సి.లు పట్టును. వాడుకొనుచుండగనే ఏడాదిలో మూడు మారులకు మించి నిండినగాని 58 చేతికి రాదు. అన్ని మారులు నిండుటకు ఎగువ నుండి ప్రవాహము రావలెను. బీడు జిల్లా ధనేగాంవ్ కడ మాంజరా జలాశయము కట్టిరి. బీదరు జిల్లాలో కారంజా జలాశయము కట్టిరి. మనవారే సింగూరు కట్టిరి. పద్దులో వ్రాసిన జమ వేరు, చేతికి వచ్చిన జమ వేరు. తీర్పు కాగితమునకు నీరు పారించు శక్తి లేదు. అది హక్కును మాత్రము తెలుపును.

ఇందులో పరరాష్ట్రములనే నిందించుట న్యాయము కాదు. 1965 నుండి మంజీర నీరు హైదరాబాదు నగరమునకు కొళాయిల ద్వారా పోయినది. 1990ల నుండి సింగూరు నీరును తోడైనది. నగరవాసి దాహమును తీర్చుట ధర్మమే. అయినను ఆ నీటిలో కొంత నిజాంసాగరపు తాబి పంటనుండి పోయినదని మన రైతు ఎరుగును. చెరకు విస్తీర్ణము తగ్గినది. కర్మాగారము 2002లో ప్రైవేటు భాగస్వామ్యమునకు పోయి, 2015 డిసెంబరులో మూతపడినది. దానికి కారణములు పెక్కు కలవు, నీరొక్కటియే కాదు. అయినను ఒక విషయము గమనింపుడు. అదే మంజీర ఎగువ తీరమున, లాతూరు ప్రాంతమున, 1980ల నుండి సహకార చక్కెర కర్మాగారములు వర్ధిల్లినవి. ఎండాకాలమున బోధను మిల్లు గేటువద్ద బండ్ల వరుసలు తరిగిన కాలముననే ఎగువన అవి పెరిగినవి. చెరకు ఏటికి ఎదురు నడచినది.

హిమాలయ నది చెప్పు పాఠము

నది పొలిమేరలు దాటునప్పుడు పుట్టు చిక్కు మనకొక్కరికే కలిగినది కాదు. మంజీరవలెనే నడుమ దారిలో మొగము త్రిప్పు మహానది హిమాలయమున నొకటి కలదు, అది బ్రహ్మపుత్ర. టిబెట్టులో సాంగ్‌పో యను పేర హిమాలయముల వెనుక తూర్పుగా బహుదూరము పారి, 7,782 మీటర్ల నామ్చా బర్వా శిఖరమును చుట్టి, లోతైన కనుమలోనుండి దక్షిణమునకు మరలి, అరుణాచలమున సియాంగ్‌గా, అస్సామున బ్రహ్మపుత్రగా, బంగ్లాదేశమున జమునగా పిలువబడును. మూడు దేశములు, నాలుగు పేర్లు.

టిబెట్టు సాంగ్‌పోయు అస్సాము బ్రహ్మపుత్రయు ఒకే నదియా కాదా యని పందొమ్మిదవ శతాబ్దమున పెద్ద సందేహముండెను. కనుమలోనికి పోయి చూచివచ్చినవారు లేరు. 1880లో భారత సర్వే శాఖవారు ఒక లామాతో పాటు కింథుప్ అను సిక్కిము వానిని పంపిరి. కింథుప్ దర్జీ, అక్షరములు రానివాడు. ఆ లామా దారిలో అతనిని బానిసగా అమ్ముకొని తన దారిని పోయెను. కింథుప్ తప్పించుకొని ఒక బౌద్ధ విహారమును శరణుజొచ్చి, అచ్చట కొలువు చేయుచునే తన పని మరువలేదు. ఐదువందల కొయ్య మొద్దులను సిద్ధపరచి, గుర్తులు వేసి, ఫలాని దినములలో రోజుకు ఏబది చొప్పున నదిలో విడుతునని వేరొకరిచే జాబు వ్రాయించి పంపెను. చెప్పినట్లే పది దినములు విడిచెను. ఆ మొద్దులు అస్సామున కనబడినచో రెండు నదులు ఒక్కటేయని తేలును. కాని ఆ జాబు చేరవలసినవానికి సకాలమున చేరలేదు. దిగువన గట్టుమీద నిలిచి చూచువాడు లేడు. మొద్దులు ఎవరి కంటను పడక సముద్రము దారి పట్టెను. 1884లో కింథుప్ ఇల్లు చేరెను; అతని మాట నమ్మినవారు తక్కువ. 1913లో బెయిలీ, మోర్స్‌హెడ్ అను ఇద్దరు అధికారులు ఆ ప్రాంతమును చూచి వచ్చిన పిమ్మటనే అతడు చెప్పినది నిజమని లోకము గ్రహించినది.

ఈ కథను నేను పలుమారులు తలచుకొందును. ఎగువనుండి వార్త వచ్చినను దిగువన చూచువాడు లేనిచో అది వృథా. నేడును బ్రహ్మపుత్ర విషయమున చిక్కు తీరలేదు. ఆ నది మలుపు తిరుగు చోటనే మహత్తరమైన జలవిద్యుత్ నిర్మాణమును చీనా ప్రభుత్వము 2025 జూలైలో ప్రారంభించినది. భారత, చీనా దేశముల నడుమ నీటి పంపకపు ఒడంబడిక లేదు. వరద లెక్కలను తెలుపుకొను ఏర్పాటు మాత్రము 2002లో కుదిరినను, 2017లో ఆ లెక్కలు మనకు అందలేదు. దానితో పోల్చిన మన మంజీర అదృష్టము మేలు. మనకు ఒకే రాజ్యాంగము కలదు. తీర్పు చెప్పు న్యాయస్థానము కలదు. గోదావరిపై బాబ్లీ వివాదమే సాక్షి. మహారాష్ట్రము కట్టిన ఆ బ్యారేజీ విషయమున సుప్రీంకోర్టు 2013 ఫిబ్రవరి 28న తీర్పునిచ్చినది. ఏటేట జూలై 1 నుండి అక్టోబరు 28 వరకు ద్వారములు తెరచి యుంచవలెను. మార్చి 1న 0.6 టి.ఎం.సి. నీటిని దిగువకు విడువవలెను. తేదీ వేసి వ్రాసిన పద్దు గనుక, తప్పినచో అడుగుటకు వీలున్నది.

ఎగువవారి దాహము

ఇంతవరకు దిగువవాని దుఃఖమే చెప్పితిని. ఎగువవాని సంగతి చెప్పనిచో లెక్క ఒకవైపే వ్రాసినట్లగును. 2016లో మరాఠ్వాడాలో వరుస కరవులచే మాంజరా జలాశయము ఎండిపోయెను. ఆ నీటిపై ఆధారపడిన లాతూరు పట్టణమునకు త్రాగునీరు కరవై, ఏప్రిలు మాసమున సుమారు 340 కిలోమీటర్ల దూరమందలి మిరజ్ నుండి రైలులో నీరు తెచ్చిరి. నది పుట్టిన సీమకు రైలుపై నీరు! ఆ వేసవిలోనే మన సింగూరు, నిజాంసాగరములును అడుగంటినవి. అదే సంవత్సరము సెప్టెంబరు చివర కుండపోతగా వానలు కురిసి మంజీర పొంగి ఆ రెండు జలాశయములును నిండినవి. ఎగువన ఎండినప్పుడు దిగువన ఎండినది. ఎగువన కురిసినప్పుడు దిగువన నిండినది. మూడు పద్దులు వ్రాసినను నది తన లెక్కను ఒకే పుస్తకమున వ్రాసికొనుచున్నది.

ఎగువవాడు పగవాడని తలచుట సులభము. కాని మనలో ఎగువవాడు కానివాడెవడు? కందకుర్తికి దిగువన పోచంపాడున శ్రీరామసాగరము కలదు. 1963 జూలై 26న నెహ్రూగారు దానికి శంకుస్థాపన చేసిరి. కరీంనగరు, వరంగల్లు రైతులకు మనము ఎగువవారము. మన కాలువలోనే చూడుడు. తూము చేరువ పొలము గలవాడు ఆబికి, తాబికి రెండింటికి మడినిండ నీరు నిలుపుకొనును. కాలువ చివర పొలము గలవాడు మడిలో పగుళ్లు లెక్కించుకొనును. అతనికి మొదటి తూమువాడే బీడు జిల్లా, అతడే బీదరు జిల్లా. నిజాంసాగరపు చివరి ఆయకట్టుకు నీరు చాలక, నవీపేట మండలమందలి కోస్లీ కడ గోదావరినుండి నీటిని యంత్రములతో ఎత్తి అలీసాగరమునకు తోడు ఏర్పాటు చేయవలసి వచ్చినది. నందిపేట వైపున గుత్ప ఎత్తిపోతలయు అట్టిదే. కాలువ వెంట ఊరక దిగిరావలసిన నీరు రాక, సంగమమున గోదావరిలో కలిసిపోయిన నీటిని విద్యుత్తు ఖర్చుపెట్టి మరల పైకెత్తుకొనుచున్నాము. ఇంతకంటె విచిత్రమైన జమాఖర్చు నేను వ్రాసిన పుస్తకములలో లేదు.

గ్రంథాలయము చేయదగిన పని

కావున చరిత్ర మనకు చెప్పు మాట ఇది. పొలిమేర నీటిని ఆపజాలదు, వార్తను ఆపును. ఒకే ప్రభుత్వము నాడు ఎగువ వాన సంగతి దిగువ తహసీలుకు తంతిపై వచ్చెడిది. నేడు ఎగువన ఎంత కురిసినదో, ఏ జలాశయమున ఎంత నిలిచినదో ప్రభుత్వములు ప్రకటించుచునే యున్నవి. చూచువారు కొరవడిరి. కింథుప్ విడిచిన మొద్దులు కంటి ముందునుండి పోవుచున్నవి.

మన పఠనమందిరమున ఒక పుస్తకము పెట్టవలెనని నా మనవి. మృగశిర కార్తె మొదలు ఆశ్వయుజము చివరవరకు వారమునకొకసారి ధనేగాంవ్, కారంజా, సింగూరు, నిజాంసాగరముల నీటి లెక్కను పత్రికలనుండియు ప్రభుత్వ ప్రకటనలనుండియు చూచి, ఒక పుటలో నాలుగు గడులు గీసి వ్రాయవలెను. అయిదవ గడిలో మన కాలువ మొదటి తూమువద్దను, చివరి తూమువద్దను నీరు వచ్చిన తేదీలు వ్రాయవలెను. పాఠశాల విద్యార్థులు ఈ పని చేయగలరు. పది సంవత్సరములు వ్రాసినచో, మన వాటా ఎంత వచ్చినదో, ఎచ్చట తగ్గినదో, పరరాష్ట్రముననా, నగరముననా, మన ఊరి మొదటి తూమువద్దనా యని ఊహతో గాక పద్దు చూపి చెప్పవచ్చును. కోపముతో అడిగిన మాటకంటె లెక్కతో అడిగిన మాటకు కచేరీలో విలువ ఎక్కువ.

గ్రంథాలయమనగా ఇతరులు వ్రాసిన పుస్తకములను దాచు బీరువా మాత్రము కాదు. ఊరు తన సంగతిని తాను వ్రాసికొను స్థలము కూడ. ఇరువదియైదు సంవత్సరములుగా ఇచ్చట ఊరివారు లోకపు వార్తలు చదివిరి. రాబోవు ఇరువదియైదు సంవత్సరములలో తమ నది వార్తను తామే వ్రాసి, స్వర్ణోత్సవ సంచికను వ్రాయువారికి అందింతురు గాక. మంజీర నిండుగా పారుగాక. మొదటి తూమును చివరి తూమును సమముగా తడియుగాక. మన గ్రంథాలయము చిరకాలము వర్ధిల్లుగాక.